టీపార్టీకి వేసిన రాట

బుల్లయ్య ఇంట్లో సొట్ట లేని చెంబు ఒక్కటీ లేదు. కొత్త చెంబు కొన్న నెలలోపే దానికి గోడతో పరిచయం అయిపోయేది. మజ్జిగ పులిసినా, ఎద్దులకు కుడితి ఆలస్యమైనా, సత్తెనపల్లి మార్కెట్లో మిరపకాయల ధర పడిపోయినా, జవాబు చెప్పుకోవలసింది ఇంట్లో ఉన్న ఇత్తడి సామానూ, దాని పక్కన నిలబడ్డ భార్య వెంకటేశ్వరమ్మా. ఆ చప్పుడు విని ఊళ్లో వాళ్లు తెల్లారిందని లేచేవారంటే అందులో అబద్ధం కొంచెమే.

ఆ గురువారం పొద్దున కూడా ఒక చెంబు ఎగిరింది. పందిరికి తాళ్లు ఎక్కడ పెట్టావే అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపే విసిరాడు. అది వసారాలో దొర్లుకుంటూ పోయి తాటాకుల కుప్పలో ఆగింది. బుల్లయ్య దాన్ని చూసి నవ్వాడు. కూతురు బి.ఏ. ప్యాసైందన్న కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కోపం కూడా పండగ చేసుకుంటోంది.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం అది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బి.ఏ. దాకా వెళ్లిన మగపిల్లలే తక్కువ. ఆడపిల్లంటే శివపార్వతి ఒక్కతే. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంది. వచ్చే నెలలో బి.ఇడి.లో చేరబోతోంది. చేరి, టీచరై, సొంతంగా బతుకుతానంటే బుల్లయ్య మీసం మెలేసి సరేనన్నాడు. మర్నాడు శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు టీపార్టీ. హైస్కూలు హెడ్మాస్టరు గారు వస్తారు. గుంటూరు నుంచి పార్వతికి పాఠం చెప్పిన లెక్చరరమ్మ కూడా వస్తుంది. ఊళ్లో టీపార్టీ అనే మాట వినడమే అందరికీ కొత్త.

అలంకరణ అంతా పార్వతి చెప్పినట్టే. బజారు నుంచి రంగు కాగితం ఒక్క ముక్క కూడా తేవద్దంది. కిందటేడు వెనక వీధిలో ఒక పెళ్లికి రంగు కాగితాలు అంటించారు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపారు. పెళ్లయ్యాక చింపి పారేసిన కాగితాలు బుల్లయ్యగారి పెయ్యదూడ నమిలింది. సాయంత్రానికి నురగలు కక్కి, కాళ్లు కొట్టుకుని, సెలవులకి ఇంటికొచ్చిన పార్వతి ఒళ్లోనే చచ్చిపోయింది. ఆ చావు ఆ పిల్ల మర్చిపోలేదు.

"రేపు విప్పేసిన పందిట్లో పారేసేది ఏమీ ఉండకూడదమ్మా. ఆకులు పశువులకి, మిరపకాయలు మళ్లీ మన కొట్లోకి, దూది ఖాదర్‌బీ పిన్ని ఏకుకోడానికి. అంతే," అంది.

ఖాదర్‌బీ దూదేకుల ఇంటి ఇల్లాలు. రెండిళ్ల అవతల ఆవిడ మొగుడి దూది విల్లు పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. ఆవిడ ఏకిన దూదిని పువ్వుల్లా మడిచి, మధ్యలో పసుపు నీళ్లు చిలకరించి బుట్టలకెత్తుతోంది. పక్కన వెంకటేశ్వరమ్మ లేత తాటాకుతో చిలకలు అల్లుతోంది. గుండుసూదులు లేవు. తుమ్మముళ్లతో గుచ్చి, గోగునారతో కట్టడమే. మధ్యమధ్య ఎర్రటి ఎండు మిరపకాయల దండలు. ఇన్ని రంగులు తమ ఇంట్లోనే ఉన్నాయని వెంకటేశ్వరమ్మ ఎప్పుడూ గమనించలేదు.

"ఈ చిలకలు మీ అమ్మ నేర్పిందా అక్కా?" అని అడిగింది ఖాదర్‌బీ.

"మా అమ్మ దెబ్బలు తినటం తప్ప ఏం నేర్పలా," అని నవ్వేసింది వెంకటేశ్వరమ్మ. "మేకలు కాసేటప్పుడు నాకు నేనే నేర్చుకున్నా."

బుల్లయ్య గుంతలు తవ్వి గుంజలు పాతేసి, అద్దె గాజు గ్లాసులూ బిస్కట్లూ టీపొడీ తేవడానికి బండి కట్టుకుని సత్తెనపల్లి వెళ్లాడు. పార్వతి దొడ్లో పత్తికట్టె మోపుల దగ్గర విచ్చిన కాయలున్న కొమ్మలు ఏరుతోంది. వీధిలో ఎండ ఇంకా ముదరలేదు. ఈశాన్యం వైపు పాతిన గుంజ ముందు వెంకటేశ్వరమ్మ ఒక్కతే నిలబడింది.

కూతురు పుట్టినప్పుడు ఆడపిల్లా అని పెదవి విరిచారు. పెద్దమనిషైనప్పుడు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు. పెళ్లికి ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. కడుపుతో ఉంటే ఏం చెయ్యాలో తెలుసు. మరి ఆడపిల్ల బి.ఏ. ప్యాసైతే ఏం చెయ్యాలి? దానికి పాట లేదు, పిండివంట లేదు, హారతి లేదు. గుండె నిండా సంతోషం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడంలేదు.

ఆమె లోపలికి వెళ్లి పసుపు కలుపుకొచ్చింది. గుంజకి కింది నుంచి పైదాకా పూసింది. కుంకుమ బొట్లు పెట్టింది. పసుపు గుడ్డలో నవధాన్యాలు మూటకట్టి, మామిడాకులతో కలిపి గుంజకి బిగించింది. గుంజ మొదట్లో చెంబుడు పాలు పోసింది. అటుగా పోతున్న ఇద్దరు ముత్తయిదువులు ఆగి, ఎవరూ అడక్కుండానే తలో బొట్టూ పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఆ పని వాళ్ల చేతులకి అలవాటు, అంతే.

"పెళ్లా అక్కా?" అంది ఖాదర్‌బీ, పువ్వు మడుస్తున్నది ఆగి.

"పెళ్లేందే, టీపార్టీ గదా!"

"టీపార్టీకి పసుపు పూస్తారా?"

"మంచి జరిగినప్పుడు పూస్తే తప్పేంది?" అంది వెంకటేశ్వరమ్మ. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

దొడ్లోంచి వచ్చిన పార్వతి చూసి, "బావుందమ్మా!" అంది. హాస్టల్లో పెరిగిన పిల్ల, దానికేం తెలుసు? పసుపు పూయనంతసేపూ అది గుంజ. పసుపు పూసి, పాలు పోసి, నవధాన్యాలు కట్టాక అది పెళ్లిరాట. రాట పడిన ఇంట్లో పెళ్లి జరగాలి. ఆ సంగతి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలిసిన వెంకటేశ్వరమ్మకే ఆ క్షణంలో గుర్తు రాలేదు.

గుర్తు చెయ్యడానికి మధ్యాహ్నం ఆమె అన్న పేరయ్య దిగాడు.

పేరయ్యది పక్క ఊరు. నిలువెత్తు మనిషి, ఆయన మాట వీధి చివరిదాకా వినపడుతుంది. ఆయన కొడుకు చెంచయ్య, పార్వతికి మేనబావ. కిందటి వానాకాలం దుక్కిలో ఎద్దు మొరాయించిందని ముల్లుగర్రతో దాని కన్ను పొడిచేసిన మహానుభావుడు. పత్తి ఏరే కూలిమనిషి ఒడిలో గుప్పెడు పత్తి దాచుకుందని ఆమె చెయ్యి విరగ్గొట్టింది కూడా అతనే. ఆ పెళ్లి మాట పేరయ్య ఎత్తినప్పుడల్లా బుల్లయ్య "చూద్దాంలే బావా" అని దాటేస్తూ వచ్చాడు.

పేరయ్య బండి దిగి పందిరి చూశాడు. రాట దగ్గరికి వచ్చి పసుపు వేలికి అంటించుకుని చూశాడు. మొహం చేటంత అయింది.

"చెల్లెమ్మా! నీ నోట్లో నాలుక లేదనుకున్నా ఇన్నాళ్లూ. నోటితో చెప్పకపోతేనేం, చేత్తో చెప్పావు!"

"ఏంది అన్నయ్యా?"

"రాట ఏసి ఏందంటావే? ఇయ్యాల దశమి, గురువారం. ముహూర్తం కూడా కుదిరింది. మా చెంచయ్య తప్ప ఈ ఇంటికి అల్లుడెవుడు? రేపు పొద్దున్నే పళ్లెం తెస్తన్నా. మీ టీపార్టీ పందిట్లోనే ప్రధానం జరిపిద్దాం!"

"అది కాదన్నయ్యా, నేను ఊరికే..."

"ఊరికే రాట ఏస్తారటే? ఏసి పీకితే ఇంటి మగాడికి కీడని తెలీదా నీకు?"

అప్పటికి గానీ వెంకటేశ్వరమ్మకి తను చేసిందేమిటో తెలియలేదు. ఆమె కాదని చెప్పేలోపే పేరయ్య బండెక్కి, వీధిలో కనపడ్డవాడికల్లా "మేనకోడల్ని చేసుకుంటన్నాం" అని చెప్పుకుంటూ వెళ్లిపోయాడు. బొట్లు పెట్టిన ఆ ఇద్దరు ముత్తయిదువులే సాక్ష్యం. పార్వతి వాకిట్లో నిలబడి మేనమామ బండి లేపిన దుమ్ము చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, ఏమంటున్నాడు మావయ్య?"

వెంకటేశ్వరమ్మ చెప్పింది. చెబుతుంటే కూతురి మొహంలో రక్తం దిగిపోవడం చూసి, తను పూసిన పసుపు తన చేతుల మీదే మండుతున్నట్టు అనిపించింది.

పొద్దువాలుతుండగా బుల్లయ్య వచ్చాడు. దారిలోనే పేరయ్య ఎదురై, "వియ్యంకుడా!" అని కౌగిలించుకున్నాడట. ఎడ్లను విప్పకుండానే బండి దూకి, పందిట్లోకి వచ్చి, రాట చూశాడు. అద్దె గ్లాసుల పెట్టె చేతిలోంచి జారి భళ్లుమంది.

"ఎవతే దీనికి పసుపు పూసింది?"

వెంకటేశ్వరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "నేనే" అనడం పూర్తి కాలేదు. మొదటి దెబ్బకి ఆమె తల గుమ్మానికి కొట్టుకుంది. రెండో దెబ్బకి గాజులు పగిలాయి. జుట్టు పట్టి అరుగు మీద నుంచి వాకిట్లోకి ఈడ్చాడు.

"నా బిడ్డని ఆ కసాయోడికి రాసిస్తావటే! మీ అన్న నేర్పాడా నీకు? చెప్పు! వాడూ నువ్వూ కూడబలుక్కున్నారా?"

"లేదయ్యా, నా బిడ్డ మీద ఒట్టు..."

"ఇంకెందుకు పూశావే మరి?"

దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆమె చెప్పింది. "పాప బియ్యే ప్యాసైంది. ఆ సంతోషానికి ఏం చెయ్యాలో నాకు తెలియలా. నాకు తెలిసిన మంగళం అదొక్కటే. అందుకని చేశా."

బుల్లయ్య చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి పార్వతి వచ్చి మధ్యలో నిలబడింది. ఏడవలేదు. చిన్నప్పుడు ఇలాంటప్పుడు గాదె వెనక దాక్కునేది. ఇప్పుడు దాక్కోలేదు.

"నాన్నా, నన్ను చదివించావు. ఈ ఊళ్లో ఎవరూ చేయని పని చేశావు. కాదనను. కానీ రేపు బావ నన్ను ఇట్లా ఈడ్చి కొడితే, ఏ మొహం పెట్టుకుని వచ్చి అడుగుతావు?"

"వాడూ నేనూ ఒకటేనటే?" అని అరిచాడు బుల్లయ్య.

"అమ్మని అడుగు."

బుల్లయ్య భార్య వంక చూడలేదు. కాలితో పెట్టెని ఒక్క తన్ను తన్ని, ఎడ్లను విప్పడానికి వెళ్లిపోయాడు. గ్లాసు పెంకులు ఏరుతూ ఖాదర్‌బీ గొణిగింది. "దూడ చావకూడదని ముళ్లతో గుచ్చాం. మనుషుల్ని మాత్రం ఇట్టా." ఆ మాట ఎవరికీ వినపడలేదు, వెంకటేశ్వరమ్మకి తప్ప.

మర్నాడు ఎండెక్కేసరికి పేరయ్య అన్నంత పనీ చేశాడు. కొత్త చీర, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు పళ్లెంలో పెట్టి, బంధువులు ఇద్దర్ని వెంటేసుకుని, కొడుకుతో సహా పందిట్లోకి వచ్చాడు. చెంచయ్య కొత్త పంచె కట్టాడు కానీ ముల్లుగర్ర మాత్రం చేతిలోంచి వదల్లేదు. పైన తాటాకు చిలకలు గాలికి తిరుగుతున్నాయి. పందిరి పక్కనే పట్టా మీద గోతాలకెత్తడానికి పోసిన మిరపకాయల రాశి ఉంది.

పార్వతి అరుగు దిగలేదు. "మావయ్యా, కూర్చో, మంచినీళ్లు తాగు. కానీ పళ్లెం వెనక్కి తీసుకెళ్లు. నాకు ఇప్పుడు పెళ్లి వద్దు. చెంచయ్య బావతో అయితే ఎప్పుడూ వద్దు."

"నిన్నెవురడిగారే?" అన్నాడు పేరయ్య నవ్వుతూనే. "రాట అడిగింది."

"రాట ఎవుడి కోసం ఏశారనుకుంటన్నావు బావా?" అంటూ బుల్లయ్య లోపల్నుంచి వచ్చాడు. "అది టీపార్టీ పందిరి. నా బిడ్డ చదువు పందిరి. నడువు బయటికి."

"ఊరందరి ముందూ నా పరువు తీస్తావురా?"

"నువ్వు తీసుకున్నావు, నేను తియ్యలా."

పేరయ్య పళ్లెం ముందుకు చాచాడు. బుల్లయ్య దాన్ని ఎగరగొట్టాడు. కొబ్బరికాయలు వాకిలంతా దొర్లాయి. పసుపు కుంకుమలు నేల మీద కలిసిపోయాయి. అది చూసి చెంచయ్య ఊరుకుంటాడా? ఎదురొచ్చి మామ గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ పడ్డది మిరపకాయల రాశిలో. తాలు పొట్టు, గింజలు, ఘాటు దుమ్ము లేచి పందిరంతా కమ్మేసింది. అందరూ దగ్గుతున్నారు, తుమ్ముతున్నారు, కళ్లు తెరవలేకపోతున్నారు. ఆ దుమ్ములోనే పిడిగుద్దుల చప్పుడు, బట్ట చిరిగిన చప్పుడు, ఎవరిదో పన్ను విరిగిన చప్పుడు.

బుల్లయ్య ఎలాగో లేచి, గోడకి చేరేసిన గడ్డపార అందుకున్నాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. కళ్లు కనపడక గాల్లో తిప్పాడు. అది ఒక బంధువు భుజాన్ని ఒరుసుకుంటూ పోయి గుంజకి తగిలింది. ఇంకొక్క బెత్తెడు పక్కకి జరిగి ఉంటే ఆ ఇంట్లో శవం లేచేది. వెంకటేశ్వరమ్మకి అది చాలా స్పష్టంగా కనపడింది. తను పూసిన పసుపు వల్ల ఒక మనిషి చచ్చి, ఒక మనిషి జైలుకి పోయి, బిడ్డ ఆ చెంచయ్య ఇంటికి పోతుంది. ఆమె ఇంక ఏమీ ఆలోచించలేదు. మొగుడి చేతిలోంచి గడ్డపార లాక్కుంది. ఆ ఊపుకి ఆయన తూలి మళ్లీ మిరపకాయల్లో పడ్డాడు. లాక్కోగలిగానని ఆమెకే ఆశ్చర్యమేసింది. రాట దగ్గరికి పోయి, దాని మొదట్లో మట్టిని పెళ్లగించడం మొదలుపెట్టింది.

"చెల్లీ!" పేరయ్య గావుకేక పెట్టాడు. "పీకొద్దే! పీకితే నీ మొగుడికి కీడు. నీ పసుపుకుంకాలు పోతయ్యి!"

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ మాట ఆమె నమ్ముతుంది. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ కుంకుమ మీద ఆమెకు భయముంది. తలెత్తి బుల్లయ్య వైపు చూసింది. మిరప ఘాటుకి ధారలు కట్టిన కళ్లతో, నోట్లో రక్తంతో, మిరపకాయల మధ్య మోకాళ్ల మీద ఉన్నాడాయన.

"చూస్తావేందే?" అని అరిచాడు. "పీకు! పోతే నేనే గదా పోయేది? పీకెయ్యి!"

ఆమె గడ్డపార ఎత్తి బలమంతా పెట్టి పొడిచింది. అప్పుడు చెంచయ్య వచ్చాడు. "రాట మీద చెయ్యేస్తావా" అంటూ ముల్లుగర్ర తిప్పి కొట్టాడు. అది ఆమె నుదుటి మీద పడింది. చర్మం చీలి, కనుబొమ మీదుగా రక్తం చెంప మీదికి దిగి, తెల్లరవిక మీద పడింది. పార్వతి కెవ్వుమంది. పేరయ్య ఒక్క ఉదుటున కొడుకు మీద పడి, ముల్లుగర్ర లాక్కుని, వీపు మీదా కాళ్ల మీదా బాదడం మొదలుపెట్టాడు.

"నా చెల్లెల్ని కొడతావంట్రా! నా తోడబుట్టినదాని మీద చెయ్యేస్తావంట్రా! నరికేస్తా నిన్ను!"

"ఆపన్నయ్యా."

గొంతు పెద్దగా లేదు. కానీ ఆ మనిషి ఎదిరించి మాట్లాడడం ఎవరూ ఎప్పుడూ వినలేదు కాబట్టి అందరూ ఆగారు. వెంకటేశ్వరమ్మ గడ్డపార మీద ఆనుకుని నిలబడింది. రక్తం తుడుచుకోలేదు.

"వాడు ఇయ్యాల ఒక్క దెబ్బ కొట్టాడని చంపుతన్నావా? పెళ్లయిన కాడ్నించీ ఈయన నన్ను కొడతానే ఉన్నాడు. నీకు తెలీదా? పంటి నెత్తురు మింగుకుంటా నీ ఇంటికొస్తే ఏమన్నావు? 'మగాడన్నాక ఓ దెబ్బ ఏస్తాడు, ఇంటికెల్లమ్మా' అని నువ్వే బండెక్కించి పంపావు. అప్పుడు నేను నీ తోడబుట్టలేదా అన్నయ్యా?"

పేరయ్య చేతిలో ముల్లుగర్ర కిందికి వేలాడింది. ఆమె చూపు బుల్లయ్య మీదికి పోలేదు. పోనక్కర్లేదు. ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు, తల నేలకేసి ఉంది.

ఆమె మళ్లీ పని మొదలుపెట్టింది. పార్వతి వచ్చి రెండు చేతులతో రాట పట్టుకుంది. ఖాదర్‌బీ కూడా వచ్చింది. ముగ్గురూ కలిసి ఊపి ఊపి పీకారు. పందిరి ఒక పక్కకి ఒరిగి, చిలకలూ దూదిపూలూ మిరపదండలూ అన్నీ కలిసి వాళ్ల మీదే కూలాయి.

చెంచయ్య కుంటుకుంటూ బండెక్కి పోయాడు. పేరయ్య పోలేదు. అరుగు చివర ముడుచుకు కూర్చున్నాడు. తర్వాత చెల్లెలి దగ్గరికి వచ్చి, "ఏం చెయ్యమంటావే?" అని అడిగాడు. ఆ మనిషి గొంతు అంత చిన్నగా ఉండగలదని ఎవరూ అనుకోలేదు.

"చేసేదేంది? నీ మేనకోడలు బియ్యే ప్యాసైంది. ఉండి, టీ తాగి ఎల్లు," అంది ఆమె.

సాయంత్రం టీపార్టీ జరిగింది. పందిరి లేకుండానే, గోడ నీడలో, ఇరుగుపొరుగు ఇచ్చిన గ్లాసులతో జరిగింది. పార్వతి మంచిగా ఉన్న చిలకల్ని ఏరి, కిటికీ ఊచలకి గుచ్చింది. లెక్చరరమ్మ వాటిని చూసి ముచ్చటపడి, ఇవి ఎవరు చేశారని అడిగింది. "మా అమ్మ" అని చెప్పి పార్వతి లోపలికి చూసింది. బుల్లయ్య ఏదో మాట్లాడాలని వారం నుంచి నాలుగు మాటలు వల్లెవేసుకున్నాడు. లేచి నిలబడి, "అందరూ టీ తాగండి" అని మాత్రం అని కూర్చున్నాడు. పేరయ్య మేనకోడలి తల మీద చెయ్యి పెట్టి, "బాగా చదువుకో అమ్మా" అని, కళ్లు ఎవరికీ కనపడకుండా వెళ్లిపోయాడు.

అతిథులు వెళ్లాక వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుంది. ఖాదర్‌బీ కట్టిన కట్టు జారి, ఎండిన నెత్తురు కనురెప్ప మీద గడ్డకట్టింది. బుల్లయ్య గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, ఒక మెత్తటి గుడ్డ తీసుకుని వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయన పొయ్యి మీద నీళ్లు పెట్టడం అదే మొదలు. గుడ్డ తడిపి, పిండి, ఆమె నుదుటి వైపు చెయ్యెత్తాడు.

ఆమె చటుక్కున తల పక్కకి తిప్పి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని, మెడ భుజాల్లోకి ముడుచుకుని, అలాగే బిగుసుకుపోయింది.

బుల్లయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గుడ్డలోంచి నీళ్లు ఆయన మణికట్టు మీదుగా కారాయి. ఇన్నేళ్లుగా ఆయన చెయ్యెత్తినప్పుడల్లా ఆ మోచెయ్యి అలాగే లేచి ఉంటుంది. ఆయన ఒక్కనాడూ చూడలేదు. కొట్టేవాడికి అది కనపడదు.

"కొట్టటానికి కాదే," అన్నాడు. "తుడవటానికే."

వెంకటేశ్వరమ్మ కళ్లు తెరిచింది. అడ్డంగా ఉన్న తన చెయ్యిని తనే చూసుకుంది. అది ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"నాకు తెలుసయ్యా," అంది మెల్లగా. "నా చేతికే తెలియలా."

ఆ మాటతో బుల్లయ్య కూలిపోయాడు. గిన్నె పక్కన నేల మీద చతికిలబడి, గుడ్డని మొహానికి అదుముకుని, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పక్కగదిలో పార్వతి ఆ ఏడుపు వింది, బయటికి రాలేదు. "ఇంకెప్పుడూ..." అని ఏదో అనబోయాడు.

"మాటలొద్దు," అంది వెంకటేశ్వరమ్మ. "నువ్వేం చెప్పినా ఈ చెయ్యి నమ్మదు. దానికి చాలా కాలం పట్టుద్ది. తుడువు ముందు."

ఆయన మళ్లీ గుడ్డ తడిపాడు. ఈసారి చెయ్యి పై నుంచి రానివ్వకుండా, కింది నుంచి, ఆమెకు కనపడేలా, నెమ్మదిగా తెచ్చాడు. కనురెప్ప మీది నెత్తురు నానేదాకా ఆగి, చిన్నగా తుడిచాడు. ఆమె కూడా ఏడుస్తోంది. చాలాసేపటికి, ఆమె చెయ్యి దానంతట అదే ఒళ్లోకి దిగింది.